తరువాతి చిత్రం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. చలనచిత్ర దర్శకుని ప్రతిభను అభిమానులు ఏ కొలతతో కొలుస్తారు, ఆ కొలత దర్శకుని భవిష్యత్తును ఏ విధంగా శాసిస్తుంది అన్న అంశాన్ని కె.వి. రెడ్డి చిత్రజీవితం ఆధారంగా ఈ పాఠం చర్చిస్తుంది.

పాఠ్యభాగం

సినిమా హాలు నుండి బయటకు వచ్చే ప్రేక్షకుని నోట రెండు మాటలు తప్పక వినిపిస్తాయి. ఒకటి, అప్పుడే చూసిన చిత్రాన్ని గురించిన తీర్పు. రెండవది, ఆ దర్శకుడు ఇక ముందు ఏ చిత్రం తీయబోతున్నాడన్న ఆరా. మొదటిది గతానికి, రెండవది భవిష్యత్తుకు చెందిన మాటలుగా కనిపించినా ఆ రెంటినీ కలిపి ఉంచే దారం ఒక్కటే. దాని పేరు కీర్తి. చూసిన చిత్రం నచ్చితే, ఇంకా చూడని చిత్రానికి కూడ ముందుగానే గౌరవం దక్కుతుంది. నచ్చకపోతే, కాగితం మీదికైనా రాని కథ సందేహానికి గురి అవుతుంది.

తెలుగువారికి ఇటువంటి వాదాలు కొత్త కాదు. పద్యనాటకాలు తెల్లవార్లూ సాగిన రోజుల్లో, శ్రీకృష్ణ పాత్రను ఏ నటుడు రక్తి కట్టించాడన్న విషయం మీద రచ్చబండ రెండుగా చీలిపోయేది. చలనచిత్రం వచ్చిన తరువాత ఆ వాదం మొదట నటీనటులను ఆశ్రయించింది. క్రమంగా తెర వెనుక నిలిచిన దర్శకుని మీదికి మళ్లింది. కంటికి కనిపించే నటుని కోసం వాదించడం సులభం. కంటికి కనిపించని వ్యక్తి కోసం పట్టుదలగా వాదించాలంటే ప్రేక్షకునికి కొంత రసజ్ఞత అవసరం. తెలుగునాట అటువంటి వాదానికి దీర్ఘకాలం కేంద్రమైన దర్శకుడు, కె.వి. రెడ్డిగా ప్రసిద్ధులైన కదిరి వెంకటరెడ్డి.

కె.వి. రెడ్డి 1912లో అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. మద్రాసులో చదివి పట్టభద్రులయ్యారు. చలనచిత్ర రంగంలో ఆయన చేత మొదట పట్టినది కెమెరా కాదు, కలమూ కాదు, పద్దుల పుస్తకం. వాహినీ సంస్థలో నిర్మాణ వ్యవహారాలు, జమాఖర్చులు చూస్తూ చిత్రనిర్మాణపు ఆనుపానులన్నీ ఆయన ఆకళింపు చేసుకున్నారు. రూపాయి ఎక్కడ ఖర్చవుతుందో, ఎక్కడ వృథా అవుతుందో తెలిసిన మనిషి దర్శకుడు కావడం ఆ రోజుల్లో అరుదు. ఈ లెక్కల అలవాటు ఆయనను కడదాకా విడిచిపెట్టలేదు.

ఆయన తొలి చిత్రం 'భక్త పోతన'. తరువాత 1947లో 'యోగి వేమన' వచ్చింది. రెండింటిలోను కథానాయకుడు చిత్తూరు నాగయ్య. వేమన చిత్రాన్ని రసజ్ఞులు ఎంతగానో కొనియాడారు గాని, ఆ మెప్పుకు తగిన రాబడి రాలేదు. 1949లో ఆయన 'గుణసుందరి కథ' తీశారు. ఆంగ్ల నాటకకర్త షేక్‌స్పియర్ రచించిన 'కింగ్ లియర్' ఛాయలు గల ఇతివృత్తాన్ని జానపద కథగా మలచి, తెలుగు పల్లె ప్రేక్షకునికి అందించిన చిత్రమది. భక్తుని కథ, యోగి కథ తీసిన దర్శకుడు రాకుమార్తెల కథలోకి దిగడం పైచూపుకు మెట్టు దిగినట్లు కనిపిస్తుంది. ఐతే వేమనను మెచ్చినవారికంటె గుణసుందరిని చూసినవారు ఎక్కువ. దర్శకుని గౌరవం పండితుల మెప్పులో ఉన్నదా, పామరుల ఆదరణలో ఉన్నదా అన్న ప్రశ్న ఆయన విషయంలో అప్పుడే మొలకెత్తింది. అది ఇప్పటికీ వాడిపోలేదు.

నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన విజయా సంస్థ తొలి చిత్రం 'షావుకారు' 1950లో విడుదలై మంచి పేరు తెచ్చుకున్నది. డబ్బు మాత్రం ఆశించినంత తేలేదు. రెండవ చిత్రం బాధ్యత కె.వి. రెడ్డి మీద పడింది. మధిర సుబ్బన్నదీక్షితులు సంతరించిన కాశీమజిలీ కథల నుండి ఒక కథను గ్రహించి, దానికి అల్లావుద్దీన్ అద్భుతదీపం కథలోని చమత్కారాన్ని జోడించి 1951లో 'పాతాళభైరవి'ని రూపొందించారు. తోటవాని కొడుకు రాకుమారిని వలచి, మాంత్రికుని బారినుండి ఆమెను రక్షించే కథ అది. తోటరాముని పాత్ర నందమూరి తారకరామారావును, నేపాళ మాంత్రికుని పాత్ర యస్.వి. రంగారావును తెలుగువారి ఇంటింటి మనుషులను చేశాయి. 1952లో బొంబాయిలో జరిగిన మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు.

జానపద దర్శకుడు అన్న ముద్ర ఆరిపోక ముందే ఆయన దానిని చెరిపివేశారు. 1954లో వాహినీ పక్షాన తీసిన 'పెద్దమనుషులు' పురపాలక రాజకీయాల కుళ్లును ఎండగట్టిన సాంఘిక చిత్రం. నార్వే నాటకకర్త ఇబ్సెన్ రచన దీనికి ప్రేరణ. మాటలు రాసిన డి.వి. నరసరాజుకు ఇది తొలి చిత్రం. మంత్రదండాలు, మాయాప్రతిమలు లేని ఈ చిత్రానికి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది.

ఇట్లా ఏర్పడిన కీర్తి ఎంత దూరం పోయిందో తెలియజేసే సంఘటన ఒకటి ఉన్నది. అక్కినేని నాగేశ్వరరావు, దుక్కిపాటి మధుసూదనరావు కలిసి 1951లో అన్నపూర్ణ పిక్చర్స్ సంస్థను ఆరంభించారు. తమ మొదటి చిత్రానికి కె.వి. రెడ్డియే దర్శకత్వం వహించాలన్నది వారి పట్టుదల. ఆయన అప్పటికే విజయా, వాహినీ సంస్థల చిత్రాలకు కట్టుబడి ఉన్నారు. సంస్థ ఆయన కోసం వేచి ఉన్నది. తొలి చిత్రమైన 'దొంగరాముడు' 1955లో గాని వెలుగు చూడలేదు. బోర్డు కట్టిన సంస్థ ఒక దర్శకుని తీరిక కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిందంటే, ఆ పేరుకు నిర్మాతల దృష్టిలో ఎంత విలువ ఉండేదో ఊహించవచ్చు. సంస్థలు ఆయన కోసం వేచి ఉండటం, ఆయన సంస్థల కోసం వేచి ఉండటం, ఈ రెండు దశలకు నడుమ ఉన్న దూరం పదిహేను సంవత్సరాలకు మించదు.

ఆ దూరం మధ్యలో ఉన్నది 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'.

ఈ కథ తెలుగువారికి కొత్తది కాదు. శశిరేఖాపరిణయం పేరుతో నాటకంగాను, 1936లో చలనచిత్రంగాను వచ్చినదే. సురభి నాటక సమాజాల వారు తమ యంత్రతంత్రాలతో మాయాబజారును ఊరూరా ప్రదర్శించేవారు. వ్యాసభారతంలో లేని శశిరేఖ తెలుగు ఇళ్లలో ఆడపిల్లగా పెరిగింది. అందరికీ తెలిసిన కథను ఎన్నుకోవడంలో ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. కథను విప్పి చెప్పవలసిన శ్రమ ఉండదు. కాని ప్రేక్షకుడు పోల్చి చూడటానికి సిద్ధపడి వస్తాడు.

ఆ చిత్రం గురించిన సందేహాలు విడుదలకు ముందే మొదలయ్యాయి. రామారావు అంతకు ముందు ఒక సాంఘిక చిత్రంలో కొద్దిసేపు కృష్ణవేషంలో కనిపించినప్పుడు ప్రేక్షకులు హర్షించలేదని, అందుచేత ఆయన ఈ పాత్రకు వెనుకాడారని, కె.వి. రెడ్డి పట్టుబట్టి ఒప్పించారని చిత్రసీమలో ప్రసిద్ధం. నిర్మాణవ్యయం అంచనాలను మించడంతో చిత్రాన్ని విరమించుకోవాలని ఒక దశలో నిర్మాతలు తలచారని కూడ చెబుతారు. తరువాత జరిగినది తెలిసిందే. వేషం విషయంలో వెనుకాడిన నటుడే ఆ పిమ్మట అనేక చిత్రాల్లో కృష్ణుడై, క్యాలెండరు బొమ్మల్లోను, పూజామందిరాల్లోను వెలిశారు. అభిమానుల అభిప్రాయం చిత్రానికి ముందు ఒక విధంగా, చిత్రం తరువాత మరొక విధంగా ఉంటుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

మాయాబజార్ చూసినవారిలో చాలామంది ఆలస్యంగా గమనించే విషయం ఒకటి ఉన్నది. పాండవుల కుమారుని పెండ్లి చుట్టూ తిరిగే ఈ కథలో పాండవులు ఒక్కరైనా తెర మీద కనిపించరు. వారి రాజ్యం పోతుంది, వారి ప్రస్తావన వస్తుంది, వారి కోసం ఇతరులు పాటుపడతారు. వారు మాత్రం రారు. మూడు గంటల చిత్రంలో ఆ లోటు తెలియకుండా నడిపించడం కథనం మీద పూర్తి అధికారం గలవారికి గాని సాధ్యం కాదు.

మరొక ఉదాహరణ ప్రియదర్శిని అనే పెట్టె. దానిని తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. బలరామునికి దుర్యోధనుడు కనిపిస్తాడు. కృష్ణునికి కనిపించేది శకుని. నేటి యువతరం ఆ పెట్టెను చూసి ల్యాప్‌టాప్ అని నవ్వుకుంటుంది. ఆ పోలిక సరదాగానే ఉన్నా, పెట్టె చేసిన అసలు పని వేరు. కన్య మనసులోని ప్రేమ, తండ్రి మనసులోని పక్షపాతం, కృష్ణుని మనసులోని రాబోయే యుద్ధం అనే మూడు పాయలను ఒక్క వస్తువు సాయంతో, ఎక్కువ మాటలు లేకుండా, నవ్వుల మధ్య అది చెప్పివేసింది. కథ ముందుకు ఎటు పోతుందో సభలో ఉన్నవారిలో కృష్ణునికి, హాలులో ఉన్నవారిలో శ్రద్ధగా చూసినవారికి మాత్రమే తెలుస్తుంది.

సరిగ్గా ఇక్కడే అభిమానుల మధ్య మొదటి పెద్ద వాదం పుడుతుంది. ఈ ఘనత ఎవరిది?

ఒక వర్గం వారు ఇది సమష్టి కృషి అంటారు. వారి వాదన బలహీనమైనది కాదు. అసమదీయులు, తసమదీయులు వంటి మాటలను పుట్టించి తెలుగు నిఘంటువును గిలిగింతలు పెట్టినది పింగళి నాగేంద్రరావు. నలుపు తెలుపుల్లోనే వెన్నెలను పండించినది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ. ద్వారకను, మాయానగరాన్ని నిలబెట్టినవారు కళాదర్శకులు గోఖలే, కళాధర్. సాలూరి రాజేశ్వరరావు కొన్ని పాటలకు వరుసలు కట్టి తప్పుకోగా, తక్కిన సంగీత భారమంతా ఘంటసాల మోశారు. శశిరేఖగాను, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచునిగాను సావిత్రి చూపిన నటన సంగతి చెప్పనక్కరలేదు. పెండ్లిపీటల మీద లజ్జతో తల వంచుకున్న వధువు, అంతలోనే వరుని పాదాన్ని తొక్కి రాక్షసబలం చూపే సన్నివేశంలో ఆమె నడక, చూపు, నవ్వు అన్నీ రంగారావు ఘటోత్కచుని గుర్తు చేస్తాయి. ఇంతమంది దిగ్గజాలు ఒకే చోట చేరితే ఏ దర్శకుడైనా మాయాబజార్ తీయగలడని ఈ వర్గం తాత్పర్యం.

రెండవ వర్గం వారు వేరే ప్రశ్న అడుగుతారు. ఆ దిగ్గజాల్లో అనేకులు ఇతర దర్శకుల చిత్రాల్లో కూడ పనిచేశారు గదా, అవన్నీ మాయాబజార్లు అయినాయా? సావిత్రి చేత ఘటోత్కచుని నడక నడిపించాలన్న నిర్ణయం, ఎక్కడ మాట ఆగాలి, ఎక్కడ చూపు చాలు అన్న తూకం ఎవరివి? వాద్యకారులందరూ విద్వాంసులే అయినా కచేరీకి తాళం ఒకటే ఉండాలి. ఆ తాళం కె.వి. రెడ్డి చేతిలో ఉన్నదని వారి వాదన.

ఈ రెండవ వాదనకు ఆయన పని పద్ధతి బలం చేకూరుస్తుంది. చిత్రీకరణ మొదలు కాక ముందే ఆయన దగ్గర సంపూర్ణమైన రచన సిద్ధంగా ఉండేది. కూర్పు పూర్తయిన తరువాత అందులో ఒక్క మాట మార్చడానికి కూడ నటులకు స్వేచ్ఛ ఉండేది కాదు. ప్రతి సన్నివేశానికి పట్టే కాలాన్ని స్టాప్‌వాచ్ పట్టుకొని ముందుగానే లెక్కించేవారు. చిత్రం ఎన్ని అడుగుల నిడివి వస్తుందో ఆయన వేసిన అంచనాకు, చివరకు వచ్చిన నిడివికి పెద్దగా తేడా ఉండేది కాదని ఆయన వద్ద పనిచేసినవారు చెబుతూ వచ్చారు. పద్దుల పుస్తకంతో మొదలైన మనిషి కాలాన్ని కూడ పద్దు వేసి ఖర్చు చేశాడన్న మాట. ఫిలిం ముడిసరుకు ఖరీదైన ఆ రోజుల్లో ఇది పొదుపు. కథనం దృష్టితో చూస్తే అంతకంటె పెద్ద విషయం. అనవసరమైన సన్నివేశం రచనలోనే రాలిపోతుంది కాబట్టి తెర మీద బిగువు నిలుస్తుంది. ఆయన వద్ద సహాయకునిగా శిక్షణ పొందిన సింగీతం శ్రీనివాసరావు, 1987లో మాటలే లేని 'పుష్పక విమానం', 1991లో కాలయంత్రం కథతో 'ఆదిత్య 369' తీశారు. విషయాలు వేరైనా, ముందుగా అంతా కాగితం మీద తేల్చుకునే క్రమశిక్షణ ఆ పాఠశాల నుండి వచ్చినదే.

సమష్టి కృషి అన్న మాట, దర్శకుని ఘనత అన్న మాట ఒకదానినొకటి కొట్టివేయవు. చలనచిత్రంలో పింగళి మాటకు, కె.వి. రెడ్డి తూకానికి నడుమ గీత గీయడం పాలనుండి నీటిని వేరు చేయడం వంటిది. హంసకు సాధ్యమేమో గాని అభిమానికి కాదు.

మాయాబజార్ విజయం కె.వి. రెడ్డికి ఇచ్చిన దానికంటె ఆయన నుండి తీసుకున్నది తక్కువేమీ కాదు. అప్పటినుండి ప్రేక్షకుడు ఆయన ప్రతి చిత్రానికీ ఒకే కొలబద్ద పట్టుకొని వచ్చాడు. ఆ మరుసటి సంవత్సరమే, 1958లో, తన స్వంత సంస్థ జయంతీ పిక్చర్స్ పక్షాన ఆయన 'పెళ్లినాటి ప్రమాణాలు' తీశారు. అగ్నిసాక్షిగా చేసిన బాసలను కాలక్రమంలో మరచిపోయే భర్త, వాటిని మరువని భార్య, ఇదీ కథ. నాగేశ్వరరావు, జమున నటించారు. జాతీయ పురస్కారాల్లో తెలుగులో ఉత్తమ చిత్రంగా ఎన్నికైనది. ఐనా నేడు కె.వి. రెడ్డి పేరు చెప్పగానే ఈ చిత్రాన్ని తలచుకునేవారు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. మధ్యతరగతి దాంపత్యాన్ని ఇంత సున్నితంగా నవ్వించిన చిత్రం మరొక దర్శకునిదైతే అది అతని కీర్తికి ప్రధాన కారణమై ఉండేది. పెద్ద చెట్టు పక్కన మొలిచిన మంచి మొక్కకు పట్టిన గతి దీనికి పట్టింది.

1961లో విజయా వారి 'జగదేకవీరుని కథ' ఘనవిజయం సాధించింది. పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడ రాగంలో కూర్చిన పాటను ఘంటసాల గానం చేయగా, అది నేటికీ గాయకులకు పరీక్షగా నిలిచి ఉన్నది. 1963లో రామారావు కృష్ణునిగా, నాగేశ్వరరావు అర్జునునిగా 'శ్రీకృష్ణార్జున యుద్ధము' వచ్చింది. రంగస్థలం మీద పేరుపొందిన గయోపాఖ్యానమే దీని కథ. అంతవరకు ఆయన పేరు చెక్కుచెదరలేదు.

1965లో 'సత్యహరిశ్చంద్ర' వచ్చింది. ప్రేక్షకులు ఆదరించలేదు. 1968లో విజయా సంస్థకే తీసిన 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' పరాజయం పొందింది. అదే సంవత్సరం జయంతీ సంస్థ పక్షాన వచ్చిన 'భాగ్యచక్రము' కూడ ఆ నష్టాన్ని పూడ్చలేకపోయింది.

రెండవ పెద్ద వాదం ఇక్కడ మొదలవుతుంది. కె.వి. రెడ్డి ప్రతిభ తగ్గిందా, కాలం మారిందా?

కాలం మారిన మాట కాదనలేనిది. 1963లో 'లవకుశ' సంపూర్ణ వర్ణచిత్రంగా వచ్చి ప్రేక్షకుల కంటికి కొత్త అలవాటు చేసింది. ఆదుర్తి సుబ్బారావు వంటి దర్శకులు సాంఘిక చిత్రానికి కొత్త వేగం, ఆరుబయటి గాలి తెచ్చారు. 1964లో వచ్చిన 'మూగమనసులు' గోదావరి తీరాన్ని తెరకు ఎక్కించి ప్రేక్షకులను కట్టిపడేసింది. కె.వి. రెడ్డి కోసం అంతకాలం వేచి ఉన్న అన్నపూర్ణ సంస్థ కూడ 1957లో 'తోడికోడళ్లు'తో ఆదుర్తి వైపు మళ్లింది. స్టూడియో నాలుగు గోడల మధ్య, ముందుగా కొలిచిన వెలుగులో, కొలిచిన కాలంలో సాగే కథనానికి అలవాటు పడిన దర్శకునికి ఈ మార్పు అనుకూలం కాదు.

ఐతే అంతా కాలం మీదికి నెట్టివేయడం కూడ న్యాయం కాదు. హరిశ్చంద్రుని కథలో కె.వి. రెడ్డి సహజమైన బలానికి చోటు తక్కువ. ఆయన కథనం చమత్కారం మీద, చిరునవ్వు మీద, మాయ మీద నడుస్తుంది. కష్టాల మీద కష్టాలు పడే రాజు కథ కరుణరసప్రధానం. ప్రేక్షకుడు దానిని కాటిసీను పద్యాలతో సహా కంఠస్థం చేసి వస్తాడు. శశిరేఖ కథ కూడ అందరికీ తెలిసినదే గాని, అందులో కొత్త నవ్వుకు ఖాళీ ఉన్నది. కాటి కాపరి కథలో ఆ ఖాళీ లేదు. ఆ కథను ఎన్నుకోవడంలోనే పొరపాటు జరిగిందనే వారి మాటను తోసిపుచ్చలేము. ఉమా చండీ గౌరుల కథలో మాయకు, వినోదానికి కావలసినంత చోటు ఉన్నా పదేళ్ల కిందటి తాజాదనం కొరవడింది. ఒకప్పుడు ఆశ్చర్యపరచిన అద్భుతాలే అలవాటైన తరువాత అద్భుతాలుగా మిగలవు.

అభిమానుల వాదాలు ఎంత తీవ్రంగా సాగినా హాలు గుమ్మం దగ్గర ముగుస్తాయి. దర్శకుని ఇంట అవి ముగియవు. 1968 తరువాత కె.వి. రెడ్డికి చిత్రాలు రాలేదు. ఏ దర్శకుని తీరిక కోసం నిర్మాతలు కాచుకొని కూర్చున్నారో ఆ దర్శకునికి తీరికే మిగిలింది. పాతాళభైరవి, పెద్దమనుషులు, మాయాబజార్, జగదేకవీరుడు అన్నీ ఆయన తీసినవే. ఐనా చివరి లెక్కలో నిలిచినవి చివరి మూడు చిత్రాలే. చిత్రపరిశ్రమలో జ్ఞాపకశక్తి చాలా చిన్నదన్న విమర్శ ఇటువంటి సందర్భాల్లోనే పుట్టి ఉంటుంది.

ఆ స్థితిలో ఆయనను పిలిచినవారు రామారావు. ఒకనాడు కృష్ణవేషానికి వెనుకాడిన నటునికి ధైర్యం చెప్పిన దర్శకునికి, ఆ నటుడే 'శ్రీకృష్ణసత్య' చిత్రాన్ని అప్పగించారు. జయలలిత సత్యభామగా నటించిన ఆ చిత్రం 1971 డిసెంబరులో విడుదలైంది. అదే కె.వి. రెడ్డి చివరి చిత్రం. 1972 సెప్టెంబరు 15న ఆయన కన్నుమూశారు. సుమారు ముప్పై సంవత్సరాల చిత్రజీవితంలో ఆయన దర్శకత్వం వహించిన తెలుగు చిత్రాలు పద్నాలుగు.

ఆయన పోయిన తరువాత ఒక వాదం ఆగిపోయింది. తరువాతి చిత్రం ఏదన్న ప్రశ్నకు అవకాశం లేదు గదా. అది ఆగిపోగానే ఆయన పరాజయాలను కూడ జనం మరచిపోయారు. సత్యహరిశ్చంద్ర ఎందుకు నడవలేదని నేడు ఎవరూ వాదించరు. బ్రతికి ఉన్న దర్శకుణ్ణి చివరి చిత్రంతో కొలిచిన ప్రేక్షకలోకం, గతించిన దర్శకుణ్ణి ఉత్తమ చిత్రంతో కొలుస్తుంది. ఈ రెండు కొలతల్లో ఏది న్యాయమైనదో తేల్చడం కష్టం గాని, రెండవది ఆయన కళ్లారా చూసే వీలు లేకపోయింది.

2013లో భారతీయ సినిమా నూరేళ్ల పండుగ సందర్భంగా ఒక జాతీయ వార్తాచానెల్ అంతర్జాలంలో నిర్వహించిన ఓటింగులో మాయాబజార్ భారతీయ చిత్రాల్లోకెల్లా గొప్ప చిత్రంగా నిలిచింది. తెలుగు అభిమానులు సంబరపడ్డారు. ఓట్ల సంఖ్య గొప్పతనానికి కొలత అవుతుందా అని కొందరు ప్రశ్నించారు. ఓటు వేసినవారి ఉత్సాహమే అక్కడ లెక్కకు వచ్చిందన్న మాటలో నిజం ఉన్నది. ఐతే విడుదలైన యాభై ఆరేళ్ల తరువాత, ఆ చిత్రం వచ్చేనాటికి పుట్టని వారు కూడ దాని పక్షాన ఓటు వేయడానికి కూర్చున్నారంటే అది కూడ ఒక లెక్కే.

ఈ తరంలో అటువంటి ఎదురుచూపు ఎస్.ఎస్. రాజమౌళి పేరు చుట్టూ కనిపిస్తుంది. 2015లోను, 2017లోను వచ్చిన బాహుబలి చిత్రాల తరువాత, 2022 నాటి 'ఆర్ ఆర్ ఆర్'లోని పాటకు 2023లో ఆస్కారు లభించిన తరువాత, ఆయన ఇక ఏమి తీస్తారన్న చర్చ దేశదేశాల తెలుగువారిలో సాగింది. పాత చిత్రాన్ని మించుతుందా అన్నదే అందరి ప్రశ్న. పెళ్లినాటి ప్రమాణాలను చూడటానికి వెళ్లిన 1958 నాటి ప్రేక్షకుడు కూడ జేబులో ఇదే ప్రశ్న పెట్టుకొని వెళ్లాడు. మాయాబజార్ వంటి చిత్రం మళ్లీ కావాలని కోరేవాడికి, మాయాబజార్ వంటిది కాని మంచి చిత్రం ఎదుట నిలిచినా కనబడదు.

మాయాబజార్ మీద ఇంకొక వాదం ఇటీవలి కాలంలో రేగింది. 2010 జనవరిలో ఈ చిత్రానికి రంగులద్ది తిరిగి విడుదల చేశారు. నిడివిని కూడ కొంత తగ్గించారు. నలుపు తెలుపు చిత్రాలంటే మొగం తిప్పుకునే పిల్లలు ఈ రంగుల ద్వారకను చూసి ముచ్చటపడ్డారని హర్షించినవారు ఉన్నారు. బార్ట్లీ నీడలతో గీసిన వెన్నెలకు నీలిరంగు పూయడం అపచారమని బాధపడినవారు ఉన్నారు. ఏ దృశ్యం ఎన్ని క్షణాలు ఉండాలో స్టాప్‌వాచ్‌తో కొలిచిన దర్శకుని చిత్రం నుండి నిమిషాలను కోసివేయడానికి ఎవరికి అధికారం ఉన్నదని మరికొందరు అడిగారు. నలుపు తెలుపుల ప్రతి, రంగుల ప్రతి రెండూ నేడు అందుబాటులో ఉన్నాయి. తాతగారు ఒకటి చూస్తుంటారు, మనుమడు మరొకటి చూస్తుంటాడు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చి అద్దం ముందు నిలిచే చోట ఇద్దరూ ఒకే క్షణంలో నవ్వుతారు.

అభ్యాసం

1. 'యోగి వేమన', 'గుణసుందరి కథ' చిత్రాలకు లభించిన ఆదరణలో గల భేదాన్ని తెలుపండి.

2. ప్రియదర్శిని పెట్టె మాయాబజార్ కథనానికి ఏ విధంగా తోడ్పడిందో వివరించండి.

3. మాయాబజార్ ఘనత సమష్టి కృషిదా, దర్శకునిదా? ఇరువర్గాల వాదనలను పాఠం ఆధారంగా సమీక్షించి, మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.

4. 'దర్శకుని ఇంట అవి ముగియవు' అన్న వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.

5. పాత చిత్రాలకు రంగులు అద్దడం ఉచితమా, అనుచితమా? తరగతిలో రెండు పక్షాలుగా ఏర్పడి చర్చించండి.